వెంట్రుక ముడి వేసిన కంబళి

ఇండూరు మిట్ట కింద గొర్రెలకాపరుల పల్లెలో బీరప్పకి నోరులేని మనిషని పేరు. సంతలో అవతలివాడు ఏ ధర చెబితే దానికి తలూపేవాడు. తన గొర్రె పక్కవాడి చేలో పడితే, పక్కవాడు నోరు విప్పకముందే తనే తన గొర్రెని తిట్టుకునేవాడు. అలాంటివాడు యుద్ధం రోజుల్లో, పట్టపగలు, బస్సులోంచి షావుకారు డబ్బుమూట దోచినందుకు సేలం జైలుకి పోయాడంటే ఆ చుట్టుపక్కల నమ్మినవాడు ఒక్కడు లేడు. ఒక్క పోలీసులు నమ్మారు. వాళ్ళకి అంతకంటే తీరిక లేదు మరి.

అతను ఎందుకు పోయాడో తెలియాలంటే కంబళి దగ్గర మొదలుపెట్టాలి.

ఆ పల్లెలో ఆడవాళ్ళు ఉన్ని వడుకుతారు, మగవాళ్ళు నేస్తారు. మగ్గం మీంచి దింపిన కంబళికి రెండు కొసలా పోగులు వేలాడుతుంటాయి. వాటికి ముడులు వేసే పని ఇంటి ఆడదానిది. ఒక్కో ఇంటిది ఒక్కో తీరు ముడి. కళ్ళు కనబడని ముసలమ్మలు కూడా కొసలు తడిమి, ఇది ఫలానావాళ్ళింటి కంబళి అని చెప్పేస్తారు. సంతకి పోయే కంబళికి వట్టి ఉన్ని ముడి చాలు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల మొగుడికని వేసే ముడి మాత్రం వేరు. దువ్వెనలో చిక్కుకున్న తన తలవెంట్రుకలు ఏరి, ఉన్నితో కలిపి పేని, ఆ పేటతో వేస్తుంది. ఆ కంబళిని ఆ మగవాడు తప్ప ఇంకెవరూ కప్పుకోరు. చివరికి అతన్ని కాటికి మోసుకుపోయేది కూడా అది కప్పే.

బీరప్పకి అది లేదు. మునిలక్ష్మమ్మని పాపిరెడ్డిపట్టి వైపు నుంచి చేసుకొచ్చాడు. పెళ్ళయిన వారంలోనే ఆమె తండ్రి పోయాడు. చావు ఇంట్లో ముడులేమిటి, తర్వాత చూద్దాం అన్నారు పెద్దలు. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. బీరప్ప నోరు తెరిచి అడగలేదు. ఎలా అడుగుతాడు? అన్నం పెట్టమని అడగొచ్చు, నీళ్ళు తోడమని అడగొచ్చు. నా మీద మనసు పెట్టు అని ఏ మొగుడు ఏ పెళ్ళాన్ని అడిగాడు? ఆమె మనిషి ఏపుగా, చలాకీగా ఉండేది. నలుగురిలో ఉంటే గలగలా నవ్వేది. ఇంట్లోకి రాగానే ఆ నవ్వు గడప అవతలే ఆగిపోయేది. బీరప్ప మగ్గం గుంటలో కూర్చుని, గూట్లో ఉన్న ఆమె దువ్వెన వంక చూస్తూ నేసేవాడు.

వరసకి వదినయ్యే మారమ్మ ఊరుకునేది కాదు. "ఏం బీరా, నీ కంబళికి ఇంకా బోడి ముడులేనా? మునిలచ్చుమికి జుట్టు తక్కువ, పాపం!" అనేది. మునిలక్ష్మమ్మ జడ నడుం దాటి ఉండేది. అందరూ నవ్వేవాళ్ళు. బీరప్పా నవ్వేవాడు. ఆ నవ్వు నవ్వడానికి అతను పడ్డ పాటు ఎవరికీ పట్టలేదు.

పెట్రోలు మిలిటరీకి పోతోంది కాబట్టి అప్పట్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనకాల బానంత కొలిమి, అందులో బొగ్గు మండిస్తే వచ్చే గ్యాసుతో ఇంజను కదిలేది. కదిలేదంటే, చదును మీద. మిట్ట వచ్చేసరికి దగ్గి దగ్గి ఆగిపోయేది. డ్రైవరు దిగి బూడిద దులపాలి, ఇంజనుకి నీళ్ళు పొయ్యాలి, జనం దిగి వెనకనుంచి తొయ్యాలి. ధర్మపురి నుంచి వచ్చే బస్సు ఇండూరు మిట్ట మీద ఆగని రోజు లేదు. నీళ్ళకి దగ్గరిల్లు బీరప్పది.

ఆ బస్సు డ్రైవరు సిద్ధరాజ్. మసి కొట్టుకుపోయిన ముఖంలో పళ్ళు తెల్లగా మెరిసేవి. అరవంలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవాడు, ఏ భాషలోనైనా నవ్వించేవాడు. బెంగుళూరు చూశాననేవాడు, కోలారు చూశాననేవాడు. నిజంగా చూశాడో లేదో ఆ దేవుడికే తెలియాలి, వినేవాళ్ళకి మాత్రం కళ్ళకి కట్టేసేవాడు. మొదట్లో నీళ్ళకుండ బీరప్పే మోసేవాడు. కొన్నాళ్ళకి, "నువ్వు మగ్గం దిగడమెందుకు మామా, నేను పోసి వస్తాలే" అంది మునిలక్ష్మమ్మ. బస్సు వచ్చే వేళకి ఆమె ముఖం కడుక్కోవడం బీరప్ప చూశాడు. తల దువ్వుకోవడం చూశాడు. ఖాళీ కుండతో తిరిగొచ్చేటప్పుడు ఆ నవ్వు గడప దాటి ఇంట్లోకి రావడం కూడా చూశాడు. ఆ నవ్వు తనది కాదని తెలిసీ, ఇంట్లోకి వచ్చిందికదా అని సంతోషపడ్డాడు. ఇంత వెర్రిబాగులవాడు ఇంకొకడు ఉంటాడా అంటే, మనసు పడ్డవాళ్ళు సగంమంది ఇలాగే ఉంటారు.

మిలిటరీవాళ్ళకి కంబళ్ళు కావలసిరావడంతో గోవిందరాజప్ప అనే షావుకారు ఆ పల్లెల్లో కంబళ్ళు కొని సేలం పంపేవాడు. సంతరోజున డబ్బుతో అదే బస్సులో వచ్చేవాడు. బీరప్ప నోరులేనివాడని అతనికి మహా నమ్మకం. ఒకరోజు కంబళ్ళు ఎంచుకుంటూ తన తెలివి తనే చెప్పుకున్నాడు. "దారిలో దొంగల భయం బీరా. అందుకే డబ్బుసంచిని ఉతకని బొచ్చుమూటలో దోపి సీటు కిందికి తోసేస్తాను. ఆ కంపుకి ఎవడూ దగ్గరికి రాడు. బస్సు తొయ్యడానికి దిగినా అక్కడే వదిలేసి దిగుతాను. చంకలో పెట్టుకుని దిగితే దొంగకి తాంబూలం ఇచ్చి పిలిచినట్టే కదా!"

ఆ సాయంత్రం సంగటి తింటూ బీరప్ప ఈ మాట పెళ్ళానికి చెప్పాడు. ఆమెతో చెప్పడానికి అతని దగ్గర కబుర్లు తక్కువ. ఏదైనా నవ్వొచ్చేది దొరికితే ఇంటిదాకా జాగ్రత్తగా దాచుకుని వచ్చేవాడు. ఆమె నవ్వింది కూడా. "ఉతకని బొచ్చు కంపు మనకేం కొత్తా!" అంది. నవ్వించగలిగానని బీరప్పకి ఆ రోజు కడుపు నిండిపోయింది.

ఆ ఏడు అతను ఒక కంబళి నేశాడు. నల్ల గొర్రెపిల్లల తొలి కత్తిరింపు ఉన్ని ఏరి దాచి, మునిలక్ష్మమ్మ చేతే సన్నగా వడికించి, పోగు తెగకుండా, తొందరపడకుండా నేశాడు. చింతగింజల గంజి పెట్టి ఆరేశాడు. గోవిందరాజప్ప చూసి మంచి ధర చెబితే, మొదటిసారి తల అడ్డంగా ఊపాడు. దాన్ని తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి, "కొసలు ముడెయ్యాల" అన్నాడు. అంతే. ఎవరికని చెప్పలేదు, ఏ ముడి అని చెప్పలేదు. జీవితంలో అంతకంటే పెద్ద మాట అతను అడగలేదు.

చాలా రోజులు అది మూల పెట్టెమీద అలాగే పడుంది. ఒక సాయంత్రం గొర్రెల్ని దొడ్లోకి తోలి వస్తూ తడిక సందులోంచి చూశాడు. మునిలక్ష్మమ్మ ఆ కంబళి ఒళ్ళో వేసుకుని కూర్చుంది. దువ్వెనలోంచి వెంట్రుకలు తీసి, ఉన్నితో కలిపి, తొడమీద అరచేత్తో పేనుతోంది. ముఖంలో ఏదో వెలుగు. బీరప్ప కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. లోపలికి పోతే ఆ ముడి ఎక్కడ జారిపోతుందోనని మళ్ళీ దొడ్లోకి పోయి, గొర్రెల మధ్య కూర్చున్నాడు. ముసలి గొర్రెని పట్టుకుని ఏడ్చాడని చెబితే నవ్వుతారు. కానీ ఏడ్చాడు.

తర్వాత చాలా రోజులు ఎదురుచూశాడు. ఆమె కంబళి ఇవ్వలేదు. మంచిరోజు చూసి ఇస్తుందిలే అనుకున్నాడు.

దీపావళి వచ్చే ఐప్పసి నెల వానల్లో, ఒక సంతరోజున బస్సు మామూలుగానే మిట్ట మీద ఆగింది. వాన కొడుతోంది. మునిలక్ష్మమ్మ పెట్టెమీది నల్లకంబళి తీసి, కొప్పెర ముసుగులాగా మడిచి తలమీంచి వేసుకుంది. వానలో అలా కంబళి కప్పుకుంటే ముఖం కనబడదు, మగో ఆడో కూడా తెలియదు. కుండ చంకనెత్తుకుని మిట్టెక్కింది. ఆ కంబళి తనకంటే ముందు ఆమే కప్పుకున్నందుకు బీరప్పకి కోపం రాలేదు. పైగా దానికి ఆమె ఒంటి వాసన పడుతుందని సంబరపడ్డాడు.

మిట్ట మీద గోవిందరాజప్పతో సహా అందరూ బస్సు వెనక చేరి తోశారు. సిద్ధరాజ్ స్టీరింగు వదలకుండా, "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరుస్తూ కూర్చున్నాడు. నీళ్ళు తెచ్చిన మనిషి ముందువైపు నుంచి ఎక్కిందీ, దిగిందీ తోసేవాళ్ళకి కనబడలేదు. బస్సు మిట్టెక్కాక షావుకారు లోపలికి వచ్చి సీటు కింద చెయ్యి పెట్టాడు. అతను పెట్టిన కేక పల్లెదాకా వినిపించింది.

మునిలక్ష్మమ్మ తడిసి ముద్దయి ఇంటికొచ్చింది. ఒంటిమీద కంబళి లేదు.

"కంబళి ఏదీ?" అన్నాడు బీరప్ప.

"గాలికి కొట్టుకొనిపోయింది. వాన వెలిసినాక ఎతుకుతా."

ఆమె ఒళ్ళు వణుకుతోంది. బీరప్ప తన పాత కంబళి తెచ్చి ఆమె భుజాలమీద కప్పాడు.

పోలీసులొచ్చి బస్సంతా గాలించారు. డ్రైవరు సీటు వదల్లేదని అందరూ సాక్ష్యం చెప్పారు. కంబళి కప్పుకున్న మనిషెవరో నీళ్ళు తెచ్చారని మాత్రం ఒకరిద్దరికి గుర్తొచ్చింది. ఆ వారం దాటకముందే సిద్ధరాజ్ పనిలోకి రావడం మానేశాడు. బెంగుళూరు పోయాడో, కోలారు పోయాడో, బస్సుకి కొత్త డ్రైవరు వచ్చాడు. అతను ముసలివాడు, మిట్ట మీద ఆగినప్పుడల్లా బస్సుని తిట్టేవాడు.

అయినా మునిలక్ష్మమ్మ ఆ వేళకి ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, కుండతో పోయి నిలబడేది. పాపిరెడ్డిపట్టి వైపు నుంచి వచ్చే బస్సుకీ నిలబడేది. బట్టలు ఒక మూటలో కట్టి వడ్లగాదె వెనక పెట్టుకుంది. బీరప్ప ఆ మూట చూశాడు. విప్పలేదు. ఆమె బాటవంక చూసే చూపు అతనికి బాగా తెలుసు. దువ్వెనవంక తను చూసే చూపు అదే. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించాడు, జాలి తప్ప ఏమీ రాలేదు.

రోడ్డుకి కంకర కొట్టే మాయాండికి మిట్ట పక్కన పాత వీరగల్లు రాయి వెనక పొదలో ఒక మూట దొరికింది. ఖాళీ డబ్బుసంచి, ఉతకని బొచ్చు, వాటిని చుట్టిన నల్లకంబళి. డబ్బు తీసుకుని కంబళిని అక్కడే పారేసి పోయాడు తీసుకున్నవాడు.

పల్లె పెద్ద చిక్కణ్ణనీ, బీరప్పతో సహా ఇంకో నలుగురినీ ఇండూరు చావడికి పిలిపించాడు ఇన్‌స్పెక్టరు. కంబళి బల్లమీద పరిచి ఉంది. వానకి గంజి కరిగి, ఎండకి బిగిసి అట్టలా అయింది. అరుగుకింద ఆడవాళ్ళలో మునిలక్ష్మమ్మ నిలబడి ఉంది. ఆ కంబళి చూడగానే ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది. దొరికిపోయానన్న భయం కాదది. వాడు దాన్ని తీసుకుపోలేదని ఆమెకి అప్పుడే తెలిసింది.

"ఇది ఎవరింటి ముడి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చిక్కణ్ణ కొసలు తడిమాడు. చెప్పక తప్పలేదు. "బీరప్ప ఇంటిది సామీ."

"ఇందులో ఆడదాని వెంట్రుకలున్నాయి. ఏమిటి సంగతి?"

చిక్కణ్ణ మింగలేక కక్కలేక ఆచారం చెప్పాడు. పెళ్ళాం మొగుడికి వేసే ముడి అది. ఎవరికి వేస్తే అతనే కప్పుకోవాలి.

"అయితే ఇది నీ కంబళేనా?" ఇన్‌స్పెక్టరు బీరప్పవైపు తిరిగాడు. "కాకపోతే నీ పెళ్ళాన్ని అడగాలి, ఎవరికి వేసిందో."

బీరప్పకి వెంట్రుక ముడి కంబళి లేదని అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. మారమ్మకి తెలుసు. చిక్కణ్ణకి తెలుసు. అందరూ అతని నోటివంక చూస్తున్నారు.

బీరప్ప దగ్గరికి పోయి కంబళి కొసలు చేతిలోకి తీసుకున్నాడు. తన నేత. తన గొర్రెపిల్లల ఉన్ని. తడిక సందులోంచి చూసిన ఆ వెలుగు ముఖం. ఒక్కో ముడినే వేళ్ళతో పట్టి చూశాడు. ఎంత శ్రద్ధగా వేసింది! వానకి నాని, పొదలో పడి ఉన్నా ఒక్క ముడి జారలేదు. ఇంత మనసు తన ఇంట్లోనే ఉంది, తనకి రాలేదు. కాదు అని ఒక్కమాట అంటే చాలు, తను ఇంటికి పోవచ్చు, ఆమె లోపలికి పోతుంది. అది ఒక్కటే ఆలోచించాడని చెబితే మాత్రం అబద్ధం. ఇంకోటి కూడా ఉంది. ఊరంతా వింటుండగా, ఒక్కసారి, ఆ ముడులు తనవని చెప్పుకోవాలని అతనికి పాడు ఆశ పుట్టింది.

"నాదే సామీ. నా పెండ్లాము నాకే కట్టింది" అన్నాడు.

"అయితే దొంగతనం చేసింది నువ్వేనా?"

"నేనే. డబ్బు డ్రైవరు తీసుకొనిపోయినాడు."

ఎప్పుడూ ఇన్ని మాటలు ఒక్కసారే మాట్లాడి ఎరగడు. గోవిందరాజప్ప నెత్తి కొట్టుకున్నాడు. "నా నోటితో నేనే వీడికి చెప్పినాను గదరా!" చిక్కణ్ణ తలొంచుకున్నాడు. మారమ్మ ఏదో అనబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఆమె బోడి ముడి అన్న మాట ఎత్తలేదు.

జైల్లో అతనికి కష్టమేమీ లేదు. అక్కడా నేతపనే. రాత్రిళ్ళు గొర్రెల అలికిడి వినబడక నిద్ర పట్టేది కాదు, అంతే. మునిలక్ష్మమ్మ ఒకసారి చూడడానికి వచ్చింది. కమ్మీల అవతల నిలబడింది.

"ఏమిటికి ఒప్పుకున్నావు మామా?"

"ఎవరిదని అడిగిరి. నేసింది నేనే గదా."

"ఆ ముడులు నీకు ఏసినవి కాదు."

"తెలుసు."

ఆమె కళ్ళు నిండాయి. అయినా అబద్ధం చెప్పలేదు. ఆ మంచితనం ఆమెకి ఉంది. "వాడు వస్తాడేమో అని ఇంకా చూస్తా ఉండాను మామా. బుద్ధి లేదు నాకు. చూడకుండా ఉండలేను."

"చూడు లచ్చుమా" అన్నాడు బీరప్ప. "నేనూ చూస్తానే ఉండాను గదా."

ఎవరికోసమని ఆమె అడగలేదు. నల్లగొర్రె ఈనిందా అని అతను అడిగితే, ఈనిందని చెప్పి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

యుద్ధం ముగిసిన తర్వాత అతన్ని వదిలారు. కేసులో పట్టుకున్న వస్తువులు తిరిగిస్తూ గుమాస్తా ఒక మూట ముందుకి తోశాడు. నీదని నువ్వే ఒప్పుకున్నావుగా, తీసుకో అన్నాడు. నల్లకంబళి. బీరప్ప దాన్ని దులిపి భుజాలమీద వేసుకున్నాడు. ధర్మపురి దాకా బస్సులో వచ్చి, అక్కడినుంచి నడిచాడు. ఎండ మండిపోతున్నా కంబళి తియ్యలేదు.

ఇల్లు తలుపు తీసి ఉంది. గొర్రెలు మునుపటికంటే ఎక్కువే ఉన్నాయి. వడ్లగాదె వెనక మూట లేదు. మునిలక్ష్మమ్మ చిక్కిపోయింది, పాపిటి దగ్గర జుట్టు నెరిసింది. ఆమె అతన్ని చూసి లేచింది. భుజాలమీద కంబళి చూసి అక్కడే ఆగిపోయింది.

"దాన్ని తీసి పారెయ్యి మామా. నీకు దండం పెడతా."

"ఏమిటికి? ఇది నాకే కట్టినావని సర్కారే చెప్పింది" అన్నాడు బీరప్ప. నవ్వుదామనుకున్నాడు, నవ్వు రాలేదు.

మునిలక్ష్మమ్మ గూట్లోంచి దువ్వెనా, గుప్పెడు ఉన్నీ తీసుకుని వచ్చి, అతన్ని గడపమీద కూర్చోబెట్టి, వెనకాల కూర్చుంది. కంబళి అతని ఒంటిమీద ఉండగానే కొస అందుకుని మొదటి ముడి విప్పడం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్ళ నాటి ముడి, ఎండకీ వానకీ బిగిసిపోయింది. గోటితో గీకింది, పంటితో లాగింది. విప్పిన చోట నెరిసిన వెంట్రుక ఒకటి ఉన్నితో పేని మళ్ళీ ముడి వేసింది. ఆమె లాగినప్పుడల్లా బీరప్ప భుజం మీద కంబళి కొంచెం కదిలేది. అతను కళ్ళు మూసుకుని ఆ లాగడం కోసం కాచుకుని కూర్చున్నాడు.

మిట్ట మీద బస్సు హారను మోగింది.

వెనకాల ఆమె చేతులు ఆగిపోయాయి. బీరప్పకి తిరిగి చూడాలనిపించింది. చూస్తే ఆమె కళ్ళు ఎటువైపు ఉన్నాయో తెలుస్తుంది. అతను చూడలేదు. గడప అవతల ఎండలో ఒక కోడి మట్టి గీకుతోంది, దానివంకే చూస్తూ కూర్చున్నాడు.

బస్సు మిట్ట ఎక్కి, అవతలివైపు దిగి, చప్పుడు తగ్గిపోయింది. ఆ తర్వాత అతని భుజం మీద కంబళి మళ్ళీ కదిలింది.